నీళ్లు వెనక్కి నడిస్తే..?

నోకియా అంటే మనకు ఫోను. చేతిలో ఇటుకలా ఉండే 3310, అందులో పాము ఆట. కానీ ఫోను కంటే ముందు నోకియా ఒక ఊరు. ఫిన్లాండ్‌లో 30 వేల మందికి పైగా ఉండే చిన్న పట్టణం. కంపెనీకి ఆ పేరొచ్చింది అక్కడి నుంచే.

2007 నవంబర్ చివరి వారంలో ఆ ఊళ్లో కొన్ని వీధుల్లో కుళాయి నీళ్లు వాసన కొట్టాయి. రుచి తేడాగా ఉందని జనం ఫిర్యాదు చేశారు. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు. ఇళ్లకు ఇళ్లే మంచం పట్టాయి. చివరికి లెక్క తేలిందేమిటంటే, మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి బయటికి పోవాల్సిన దాదాపు 4,50,000 లీటర్ల వాడిన నీళ్లు తాగునీటి పైపుల్లోకి వెళ్లిపోయాయి. 8 వేల మందికి పైగా జబ్బుపడ్డారని అంచనా.

ఎవరో విషం కలపలేదు. వరద రాలేదు. శుద్ధి కేంద్రంలో ఆ నీళ్ల పైపుకూ, తాగునీటి పైపుకూ మధ్య ఒక లింకు ఉంది. మధ్యలో అడ్డుగా ఒకే ఒక్క వాల్వు. మరమ్మతు పనుల్లో ఆ వాల్వు తెరిచారు. అంతే.

ఫిన్లాండ్ అంటే నీళ్లకు, శుభ్రతకు పేరున్న దేశం. అక్కడే ఇలా జరిగిందంటే, మన ఇంటి పైపు సంగతేంటి? పైపులో నీళ్లు ఎప్పుడూ ముందుకే వస్తాయని మనకు ఎవరు చెప్పారు?

పైపుకు దిక్కు తెలీదు

నీటికి తెలిసింది ఒకటే. ఒత్తిడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు పోవడం. మామూలుగా వీధి మెయిన్‌లో ఒత్తిడి ఎక్కువ, మన ఇంట్లో తక్కువ. అందుకే నీళ్లు మన వైపు వస్తాయి. ఈ లెక్క తిరగబడిందంటే నీళ్లు కూడా తిరగబడతాయి. దీన్నే బ్యాక్‌ఫ్లో అంటారు. ఇది రెండు రకాలుగా జరుగుతుంది.

మొదటిది, వెనక్కి పీల్చుకోవడం. బండి ట్యాంకులో ట్యూబు పెట్టి, నోటితో ఒక్కసారి పీలిస్తే పెట్రోలు ఎలా వచ్చేస్తుందో మీరు చూసే ఉంటారు. వీధిలో మెయిన్ పగిలినా, పక్క సందులో మంటలార్పడానికి ఫైర్ సిబ్బంది హైడ్రెంట్ నుంచి భారీగా నీళ్లు తోడినా లైన్లో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ క్షణంలో మీ పెరటి కుళాయికి తగిలించిన గొట్టం చివర బురద బకెట్లో మునిగి ఉంటే, ఆ బురద నీళ్లు లైన్లోకి పోతాయి.

రెండోది, వెనక్కి నెట్టడం. ఫ్యాక్టరీలో పంపో, బాయిలరో, ఎత్తైన బిల్డింగులో బూస్టరో వీధి మెయిన్ కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తే, లోపలి నీళ్లు బయటికి తోసుకుపోతాయి. వాటితో పాటు వాటిలో ఏముంటే అది.

కాలేజీ టీమ్ మొత్తానికీ కామెర్లు

1969లో అమెరికాలోని వూస్టర్ అనే ఊళ్లో హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సీజన్‌కు సిద్ధమవుతోంది. ఎండలో ప్రాక్టీసు, మధ్యమధ్యలో మైదానం దగ్గరి కుళాయి నీళ్లు. రెండే మ్యాచ్‌లు ఆడారు. ఆటగాళ్లు ఒక్కొక్కరే నీరసపడి, కళ్లు పచ్చబడి పడిపోయారు. హెపటైటిస్. జట్టులో దాదాపు అందరికీ సోకింది. మిగిలిన సీజన్ మొత్తం రద్దు చేశారు.

విచారిస్తే తేలింది ఇది. ఆ కుళాయికి వచ్చే లైన్ మీదే గడ్డి తడిపే స్ప్రింక్లర్ల గుంతలున్నాయి. హెపటైటిస్ ఉన్న చుట్టుపక్కల పిల్లలు అక్కడ ఆడుకున్నారు. ఆ దగ్గర్లోనే ఎక్కడో మంటలు లేస్తే ఫైర్ సిబ్బంది నీళ్లు తోడారు. ఒత్తిడి పడిపోయింది. గుంతలో నిలిచిన నీళ్లను లైన్ లోపలికి పీల్చుకుంది. మర్నాడు కుళాయి తిప్పితే మామూలుగానే నీళ్లొచ్చాయి.

ఆ చివరి వాక్యమే ఈ కథలో అసలు భయం. బ్యాక్‌ఫ్లో జరిగినప్పుడు బెల్లు మోగదు. చాలాసార్లు నీటి రంగు మారదు, వాసనా రాదు.

‘అన్నా, ఈ లెటర్ స్కామా?’

ఇక మన సంగతికి వద్దాం. డల్లాస్, హ్యూస్టన్ శివార్లలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు ఏదో ఒక రోజు సిటీ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. ‘మీ బ్యాక్‌ఫ్లో పరికరానికి టెస్ట్ గడువు దగ్గరపడింది. ఫలానా తేదీలోగా లైసెన్సు ఉన్న టెస్టర్‌తో పరీక్ష చేయించి రిపోర్టు పంపించండి’ అని. కాలనీ వాట్సాప్ గ్రూపులో వెంటనే వచ్చే ప్రశ్న: అన్నా, ఇది స్కామా?

చాలావరకు కాదు. అనుమానముంటే ఉత్తరంలోని నంబరుకు కాకుండా, మీ వాటర్ బిల్లు మీదున్న సిటీ నంబరుకు ఫోన్ చేసి అడగండి. మీ ఇంటి పరికరం సీరియల్ నంబరు వాళ్ల రికార్డుల్లో ఉంటుంది.

రెండో ప్రశ్న: నీళ్లు బాగానే వస్తున్నాయిగా, టెస్ట్ దేనికి, డబ్బు దండగ?

దీనికి జవాబు మీ లాన్‌లోనే ఉంది. పచ్చగడ్డి కోసం ఎరువు వేస్తారు, కలుపు మందు కొడతారు, కుక్కలు తిరుగుతాయి. స్ప్రింక్లర్ ఆగాక దాని చుట్టూ నీళ్లు నిలుస్తాయి. ఆ స్ప్రింక్లర్ పైపూ, మీ వంటింటి కుళాయి పైపూ వీధిలోని ఒకే మెయిన్ నుంచి పుట్టినవి. మధ్యలో ఉన్నది ఆ ఒక్క ఇత్తడి పరికరమే.

నీళ్లు బాగా వస్తున్నాయంటే అర్థం, ఆ పరికరం నీళ్లను ముందుకు పోనిస్తోందని. వెనక్కి రాకుండా ఆపగలదా లేదా అన్నది దాన్ని బట్టి తెలియదు. హెల్మెట్ గట్టిదో కాదో రోజూ పెట్టుకు తిరిగితే తెలుస్తుందా? ఇదీ అంతే. కాకపోతే హెల్మెట్‌లా కాకుండా దీన్ని పగలగొట్టకుండానే పరీక్షించొచ్చు.

ఎన్నాళ్లకోసారి అన్నది ఊరిని బట్టి ఉంటుంది. ఆరోగ్యానికి ముప్పు ఎక్కువున్న చోట పెట్టిన పరికరాలకు టెక్సాస్ నిబంధనల ప్రకారం పెట్టినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏటా టెస్ట్ తప్పదు. ఇంటి లాన్ విషయంలో ఒక్కో సిటీ ఒక్కో పద్ధతి పెట్టుకుంది. గడువు దాటేస్తే జరిమానా వేసేవీ, నీళ్ల కనెక్షన్ ఆపేసేవీ ఉన్నాయి.

ఆ పెట్టెలో ఏముంటుంది?

మీటరు దగ్గర నేలలో పాతిన ప్లాస్టిక్ పెట్టె మూత తీస్తే చాలా ఇళ్లలో కనిపించేది డబుల్ చెక్. ఒకదాని తర్వాత ఒకటి, స్ప్రింగుతో మూసుకునే రెండు తలుపులు. ఒకటి సరిగ్గా మూసుకోకపోయినా రెండోది ఆపుతుందని రెండు పెట్టారు. మన ప్లంబర్లు మోటారు దగ్గర పెట్టే ఎన్‌ఆర్‌వీ ఉంటుంది కదా, దానికి ఇది పెద్దన్న. తేడా ఏమిటంటే ఎన్‌ఆర్‌వీలో తలుపు ఒక్కటే, పైగా పని చేస్తోందో లేదో బిగించిన చోటే కొలిచి చూసే ఏర్పాటు దానికి ఉండదు. డబుల్ చెక్‌కు టెస్ట్ కాక్‌లనే 4 చిన్న చిన్న కుళాయిలుంటాయి. గేజి తగిలించేది వాటికే.

గోడ పక్కన నేల మీద అడుగెత్తు నిలబడి, తలపై టోపీ లాంటి మూతతో కనిపిస్తే అది పీవీబీ. ఒత్తిడి పడిపోగానే టోపీ కింది తలుపు తెరుచుకుని గాలి లోపలికి వస్తుంది. గాలి దూరితే పీల్చుడు ఆగిపోతుంది. స్ట్రాకు చిల్లు పడితే కూల్‌డ్రింక్ పైకి రాదు కదా, అదే సూత్రం.

ఆసుపత్రులు, ఫ్యాక్టరీల లాంటి ముప్పు ఎక్కువున్న చోట్ల వాడేది ఆర్‌పీ. రెండు తలుపులు, వాటి మధ్య ఒక గది, ఆ గదికి కింద రిలీఫ్ వాల్వు. ఏ తలుపు చెడినా మురికి నీళ్లు మెయిన్‌లోకి పోకుండా రిలీఫ్ వాల్వు వాటిని కింద పారబోస్తుంది. అందుకే ఆర్‌పీ నుంచి ఆగకుండా నీళ్లు కారుతుంటే గుడ్డ చుట్టి ఆపడానికి చూడకండి. లోపల ఏదో చెడిందని అది చెబుతున్న మాట అది.

టెస్ట్ అంటే అరగంట పని

ఇంటి లాన్ పరికరానికైతే మామూలుగా అరగంట పట్టదు. టెస్టర్ తెచ్చేది ప్రధానంగా ఒక గేజి, మూడు రంగురంగుల గొట్టాలు. ముందుగా పరికరం మీద మోడల్, సీరియల్ నంబరు చూసి రాసుకుంటారు. టెస్ట్ కాక్‌లను ఒక్కసారి తెరిచి, అందులో చేరిన మట్టి, పురుగులు పోయేలా నీళ్లు వదులుతారు. తర్వాత గేజి తగిలిస్తారు.

డబుల్ చెక్ అయితే రెండు వైపులా ఉన్న వాల్వులు మూసేస్తారు. మధ్యలో నీళ్లు కదలకుండా నిలబడతాయి. అప్పుడు ఒక్కో తలుపుకు అవతలి నీళ్లు వదిలేసి, ఇవతల ఒత్తిడి ఎంత దగ్గర నిలిచిందో చూస్తారు. 1 పీఎస్‌ఐ, లేదా అంతకు మించి నిలిస్తే పాస్. మీ బైకు టైర్లో గాలి 30 పీఎస్‌ఐ దగ్గర్లో ఉంటుంది. దానితో పోలిస్తే ఇదెంత? అంత చిన్న తేడాను కూడా తలుపు బిగపట్టగలగాలి.

పీవీబీలో రెండు చూస్తారు. గాలి తలుపు 1 పీఎస్‌ఐకి తగ్గకముందే తెరుచుకోవాలి, లోపలి చెక్ తలుపు కనీసం 1 పీఎస్‌ఐ నిలబెట్టాలి. ఆర్‌పీలో తలుపులతో పాటు రిలీఫ్ వాల్వును కూడా చూస్తారు. వీధి వైపు ఒత్తిడికీ, మధ్య గది ఒత్తిడికీ ఉన్న తేడా తగ్గుతూ తగ్గుతూ 2 పీఎస్‌ఐ కిందికి పోకముందే అది తెరుచుకోవాలి.

పరికరం స్ప్రింక్లర్ లైన్ మీదే ఉంటే ఇంట్లో నీళ్లు ఆగవు. అదే ఒక రెస్టారెంటుకో, క్లినిక్‌కో మొత్తం బిల్డింగుకు ఒకటే పరికరం ఉంటే, టెస్ట్ జరిగినంతసేపు కుళాయిలన్నీ బంద్. షాపు తెరవకముందే రమ్మనడం మంచిది.

ఎందుకు ఫెయిలవుతుంది?

కారణాలు చాలా మామూలువి. వీధిలో పైపు మరమ్మతు చేసినప్పుడు కొట్టుకొచ్చిన ఇసుక రేణువు తలుపు అంచులో ఇరుక్కుంటుంది. రబ్బరు గట్టిపడుతుంది, స్ప్రింగు అలసిపోతుంది. మన ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ ఎలా అరుగుతుందో అలాగే. కుక్కరైతే ఆవిరి లీకై చెప్పేస్తుంది. ఇది చెప్పదు.

ఇంకొకటి మంచు. పరికరం లోపల నిలిచిన నీళ్లు గడ్డకడితే ఇత్తడి కూడా పగులుతుంది. 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో ఎన్ని ఇళ్ల పైపులు పగిలాయో అక్కడున్న మీ బంధువుల్ని అడగండి. నేల పైన ఉండే పీవీబీకి ఈ ముప్పు మరీ ఎక్కువ. చలికాలం ముందు నీళ్లు తీసేసి, మందపాటి కవరు కప్పాలి.

ఫెయిలైందనగానే కొత్తది కొనాల్సిన పనిలేదు. చాలాసార్లు విప్పి శుభ్రం చేస్తేనో, రబ్బరు స్ప్రింగుల రిపేర్ కిట్ వేస్తేనో సరిపోతుంది. రిపేరు చేశాక మళ్లీ టెస్ట్ చేసి, ఆ రీడింగులు కూడా రిపోర్టులో రాయాలి.

టెస్టర్‌ను పిలిచే ముందు

ఒకటి, లైసెన్సు. టెక్సాస్‌లో రాష్ట్ర పర్యావరణ సంస్థ ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. చాలా సిటీలు తమ దగ్గర నమోదైన టెస్టర్ల జాబితా ఇస్తాయి. అందులోంచి ఇద్దరు ముగ్గురిని రేటు అడగండి. టెస్ట్ ఫీజు ఎంత, ఫెయిలైతే మళ్లీ వచ్చినందుకు ఎంత, రిపోర్టు సిటీకి పంపే ఖర్చు అందులోనే ఉందా అని ముందే తేల్చుకోండి.

రెండు, గేజి. దానికి క్రమం తప్పకుండా కాలిబ్రేషన్ చేయించి ఉండాలి. ఆ తేదీ రిపోర్టులో రాస్తారు. కాటా తప్పుగా ఉంటే కూరగాయల తూకం తప్పినట్టే, గేజి తప్పుగా ఉంటే పాస్ కూడా తప్పే.

మూడు, రీడింగులు. ‘పాస్’ అన్న మాట ఒక్కటే కాదు, అంకెలు అడగండి. 1.8, 1.4 లాంటి రీడింగులు ఉండాలి. కాపీ ఫోన్‌లో దాచుకోండి. వచ్చే ఏడాది అదే తలుపు 1.1కి దిగిందంటే రబ్బరు అరుగుతోందని మీకే తెలుస్తుంది.

నాలుగు, దగ్గరుండి చూడండి. పెట్టె మూత తీయకుండా, గేజి తగిలించకుండా కాగితం నింపేస్తే అది టెస్ట్ కాదు. పని అయ్యాక వాల్వులు మళ్లీ పూర్తిగా తెరిచారో లేదో కూడా చూసుకోండి.

పెద్ద చోట్ల పెద్ద ముప్పు

రెస్టారెంట్ నడిపేవాళ్లకు ఒక మాట. సోడా మెషీన్‌లోని గ్యాస్ కలిసిన నీళ్లు వెనక్కి వచ్చి రాగి పైపులోకి చేరితే రాగిని కరిగిస్తాయి. ఆ నీళ్లతో చేసిన డ్రింకు తాగినవాళ్లకు వాంతులు పట్టుకుంటాయి. అందుకే సోడా మెషీన్‌కు విడిగా అడ్డు ఉండాలంటారు.

ఇంకా పెద్ద ఉదాహరణ టెక్సాస్‌లోనే ఉంది. 2016 డిసెంబర్‌లో కార్పస్ క్రిస్టీ నగరంలో, తారు పనుల్లో వాడే ఒక రసాయనం ఒక పారిశ్రామిక స్థలం నుంచి వెనక్కి ప్రవహించి తాగునీటి లైన్లో కలిసి ఉండొచ్చన్న అనుమానం వచ్చింది. కాచినా పనికిరాదు, కుళాయి నీళ్లు అసలు ముట్టుకోవద్దని నగరం ప్రకటించింది. 3 లక్షల మందికి కుళాయి ఉండీ లేనట్టే అయింది. షాపుల్లో సీసా నీళ్లు ఖాళీ. బడులు మూతపడ్డాయి. ఊరంతా మళ్లీ మామూలు కావడానికి నాలుగు రోజులు పట్టింది.

1933లో షికాగోలో అంతకన్నా ఘోరం. ప్రపంచ ప్రదర్శనకు వచ్చినవాళ్లు దిగిన రెండు హోటళ్లలో మురుగు, మంచినీళ్ల పైపుల లింకుల వల్ల అమీబిక్ విరేచనాలు పాకి 98 మంది చనిపోయారు. ఈ రోజు అమెరికాలో టెస్టులు, లైసెన్సులు, ఉత్తరాలు ఇంత పట్టుదలగా నడుస్తున్నాయంటే వెనక ఇలాంటి చావులున్నాయి.

మరి మన ఊళ్లో?

మన ఇళ్లకు ఏటా టెస్ట్ చేయించమని ఉత్తరాలు రావు. కానీ ముప్పు మాత్రం ఉంది. రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో నీళ్లు వదిలే చోట, మిగతా సమయమంతా లైన్ ఖాళీగా ఉంటుంది. అంటే ఒత్తిడి లేని సమయం రోజూ ఉన్నట్టే. దానికి తోడు నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే, అది వీధి లైన్ నుంచి నీళ్లను లాగేస్తుంది. ఆ లాగుడుకు పైపు చిల్లుల్లోంచి చుట్టుపక్కల డ్రైనేజీ నీళ్లు కూడా లోపలికి దూరతాయి. హైదరాబాద్‌లో జలమండలి ఇలాంటి మోటార్లను పట్టుకుని స్వాధీనం చేసుకునేది పక్కింటివాళ్లకు నీళ్లు అందవన్న ఒక్క కారణంతోనే కాదు.

ఈ పరికరాలేవీ లేకుండానే, రూపాయి ఖర్చు లేకుండా మనం చేయగలిగింది ఒకటుంది. అడ్డుల్లో అన్నింటికన్నా నమ్మకమైనది గాలి ఖాళీ. కుళాయి మూతికీ, కింది బకెట్ లేదా సంపు నిండే మట్టానికీ మధ్య ఖాళీ ఉంటే నీళ్లు వెనక్కి ఎగిరిపోలేవు. అందులో రబ్బరు లేదు, స్ప్రింగు లేదు, చెడిపోయేదేమీ లేదు. కుళాయి మూతి వెడల్పుకు రెండింతలు, కనీసం ఒక అంగుళం ఖాళీ వదలాలన్నది లెక్క.

ఈ లెక్కతో ఇల్లంతా ఒకసారి చూడండి. సంపులోకి వచ్చే నల్లా పైపు చివర నీళ్లలో మునిగి ఉందా? ఉంటే పైకి కోయించండి. గొట్టం చివర బకెట్లో, డ్రమ్ములో, కారు కడిగే సబ్బు నీళ్లలో ముంచి వదిలేస్తున్నారా? తీసి పైన తగిలించండి. బాత్రూంలో హెల్త్ ఫాసెట్ టాయిలెట్ లోపలికి వేలాడుతోందా? హుక్కుకు పెట్టండి. అమెరికాలో ఇల్లు కొని మనవాళ్లు ముందుగా బిగించుకునేది ఈ ఫాసెట్టే. అక్కడది నేరుగా సిటీ లైన్‌కే ఉంటుంది కాబట్టి, వెనక్కి పోకుండా అడ్డు ఉన్న రకమే కొనండి. వాడాక గోడ దగ్గరి వాల్వు కట్టేయండి.

ఇంత చదివాక ఆ ఉత్తరం మళ్లీ వస్తే పక్కన పడేయకండి. మీ లాన్ నీళ్లు వెనక్కి వెళ్తే ముందు చేరేది మీ గ్లాసులోకే కాకపోవచ్చు. పక్కింట్లో పాల సీసా కలుపుతున్న తల్లి గిన్నెలోకి చేరొచ్చు. ఆవిడ ఇంటి పరికరం బాగుందో లేదో మీకు తెలీదు, మీది బాగుందో లేదో ఆవిడకు తెలీదు. అరగంట టెస్ట్‌తో అది ఇద్దరికీ తెలుస్తుంది.